మందు ఒంట్లో ఎన్నాళ్ళుంటుంది? ముందు ఆ మడమ సంగతి చూడండి

ప్రశ్న: నమస్కారమండీ. మాది గాజువాక. మా వారికి 64 ఏళ్ళు, పన్నెండేళ్ళుగా షుగరు. పోయిన నెల దగ్గు, జ్వరం వస్తే మా వీధిలో ఆర్ఎంపీ డాక్టరు గారు అజిత్రోమైసిన్ 500 మూడు రోజులు ఇచ్చారు. తగ్గలేదు. ఒక రోజు ఆగి పెద్ద డాక్టరు గారి దగ్గరికి వెళితే లీవోఫ్లాక్సాసిన్ 500 రోజుకొకటి ఏడు రోజులు, దాంతోపాటు స్టెరాయిడ్ మాత్రలు అయిదు రోజులు రాశారు. జ్వరం పోయింది, దగ్గు ఇంకా కాస్త ఉంది. యాంటీబయాటిక్ ఆపి తొమ్మిది రోజులైంది గానీ నోరు చేదు, నీరసం, రోజుకు రెండు మూడు విరేచనాలు. మా ఆడపడుచేమో ‘ఇంగ్లీషు మందు మూడు నెలలు ఒంట్లోనే ఉంటుంది, ఇదంతా ఆ వేడే, బార్లీ నీళ్ళు పట్టించు, కడిగేస్తుంది’ అంటుంది. మా అమ్మాయి ఫోన్లో చూసి రెండు రోజుల్లో పోతుందంటుంది. ఎవరి మాట నమ్మాలి? ఈయన ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ మొక్కుకున్నారు, ఇంకా పన్నెండు రోజులుంది. మందు పూర్తిగా పోయాక నడిస్తే మంచిదా? అన్నట్టు, నాలుగు రోజులుగా మడమ వెనక లాగుతోందంటున్నారు. మొక్కు కోసం పొద్దున్నే నడక మొదలుపెట్టారు, అందుకే అయ్యుంటుంది. స్ట్రిప్పులో మూడు మాత్రలు మిగిలాయి, దాచమంటారా?

జవాబు:

అమ్మా, మీరడిగిన మందు లెక్క చెప్తాను, గంటలతో సహా చెప్తాను. కానీ ముందు మీరు ‘అన్నట్టు’ అని రాసిన మాట దగ్గర ఆగాలి. ఆయన పొద్దున్న నడక ఈ రోజే ఆపించండి. రేపొక్కరోజు చూసి ఆపుదాం అనుకోవద్దు.

లీవోఫ్లాక్సాసిన్ వేసుకున్న కొద్దిమందిలో మడమ వెనక ఉండే నరం దెబ్బతింటుంది. మనం నరం అంటాం గానీ, అది పిక్కను మడమ ఎముకకు కట్టి ఉంచే తాడు లాంటిది. వేళ్ళతో పట్టుకుంటే గట్టిగా తగులుతుంది చూడండి, అదే. ఈ మందు ఆ తాడును వాచేలా చేస్తుంది, ఒక్కోసారి తెగేలా కూడా చేస్తుంది. అందరికీ వచ్చేది కాదు, అరుదు. కానీ ఎవరికి ఎక్కువ వస్తుందో తెలుసు: అరవై దాటినవాళ్ళకి, దాంతోపాటు స్టెరాయిడ్ వాడినవాళ్ళకి. మీ వారికి రెండూ ఉన్నాయి. మందు మొదలెట్టిన రెండో రోజునే రావచ్చు, ఆపేసిన కొన్ని నెలలకూ రావచ్చు. 2008లోనే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ మందుల కాగితం మీద నల్ల గీతల పెట్టెలో ఈ హెచ్చరిక వేయించింది. ఆ కాగితం మడతపెట్టి డబ్బాలో పెడతారు. డబ్బా విప్పగానే మనం మొదట పారేసేది దాన్నే.

నేను ముప్పై ఏళ్ళు విశాఖ మహారాణిపేటలో మందుల షాపు కౌంటరు వెనక నిలబడ్డవాణ్ణి. కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) ఓపీ అయ్యే వేళకి షాపు ముందు చీటీలు పట్టుకుని జనం నిలబడేవారు. అలాంటి ఒక పొద్దున బీచ్ రోడ్డులో వాకింగ్ చేసి, చెప్పులు ఈడ్చుకుంటూ ఒకాయన వచ్చారు. మడమ పట్టేసింది, నొప్పి స్ప్రే ఇవ్వమన్నారు. ఇచ్చాను, చిల్లర కూడా లెక్కపెట్టి ఇచ్చాను. ఈ మధ్య ఏమైనా యాంటీబయాటిక్ వాడారా అని మాత్రం అడగలేదు. వారానికి ఆయన కొడుకు వచ్చాడు. నాన్నగారికి ఆటో ఎక్కుతుంటే మడమ దగ్గర టప్పుమని శబ్దం వచ్చిందట, ఆ కాలు మీద మళ్ళీ నిలబడలేకపోయారట, పట్టీ వేశారట. అంతకు మూడు వారాల ముందు ఆయన మూత్రంలో ఇన్ఫెక్షన్‌కి ఇదే కుటుంబం మందు మా షాపులోనే కొన్నారు. బిల్లు వెతికితే నా చేతిరాతే. అప్పట్నుంచి మడమ నొప్పి అని ఎవరన్నా నేను స్ప్రే వైపు చెయ్యి చాచలేదు.

కాబట్టి మీరు ఇవాళో రేపో ఎముకల డాక్టరుకి చూపించండి. వెళ్ళగానే చెప్పాల్సిన మాట ఒకటే: ‘లీవోఫ్లాక్సాసిన్ ఏడు రోజులు, స్టెరాయిడ్ అయిదు రోజులు వాడారు, తొమ్మిది రోజుల కింద ఆపారు.’ రెండు చీటీలూ పట్టుకెళ్ళండి. చూపించేలోపు నూనె పెట్టి గట్టిగా మర్దన చేయించొద్దు, మెట్లు తగ్గించండి, ఒట్టి కాళ్ళతో నడవనివ్వొద్దు. అక్కడ సూది వేస్తే నొప్పి తగ్గుతుందని ఎవరైనా అంటే, ఆ సూదిలో ఉండేది స్టెరాయిడే కావచ్చు, అడగండి. టప్పుమన్నా, మునివేళ్ళ మీద లేవలేకపోయినా అది ఎమర్జెన్సీ కిందే లెక్క.

ఇక మీరడిగినది.

కుండకు అడుగున చిల్లి పడిందనుకోండి. నిండుగా ఉన్నప్పుడు నీళ్ళు ధారగా పోతాయి, తగ్గేకొద్దీ చుక్కలు చుక్కలుగా పోతాయి. మందు ఒంట్లోంచి పోయేది కూడా ఇంచుమించు అలాగే. రోజుకింత అని సమానంగా పోదు, ఉన్నదాంట్లో సగం, మిగిలినదాంట్లో మళ్ళీ సగం, అలా పోతుంది. ఒక్కో మందుకి ఆ సగం పోయే సమయం ఒక్కోలా ఉంటుంది. లీవోఫ్లాక్సాసిన్‌కి అది 6 నుంచి 8 గంటలు. మీ వారు ఆఖరి మాత్ర రాత్రి తొమ్మిదికి వేసుకున్నారనుకుందాం. ఎనిమిది గంటల లెక్కన తెల్లారి అయిదుకి సగం, మధ్యాహ్నం ఒంటిగంటకి పావు, రాత్రి తొమ్మిదికి రెండణాలు, మర్నాడు తెల్లారి అణా, ఆ మధ్యాహ్నానికి అర్ధణా. మా నాన్న తరం ఇలాగే లెక్క కట్టేది, అందుకే అణాల్లో చెప్పాను. అర్ధణా అంటే రూపాయిలో ముప్పై రెండో వంతు, నూటికి మూడు. అయిదుసార్లు సగమైతే ఒంట్లో లేనట్టే అని మందుల శాస్త్రంలో లెక్క. కాబట్టి మీ అమ్మాయి చూసిన రెండు రోజులు ఈ మాత్ర వరకూ నిజమే.

అయితే ఆ లెక్క కిడ్నీలు బాగా పనిచేసేవాళ్ళది. ఈ మందు మారకుండా, ఉన్నదున్నట్టు మూత్రంలోనే పోతుంది. వేసుకున్నదాంట్లో నూటికి ఎనభై పైన రెండు రోజుల్లో మూత్రంలో దొరుకుతుంది. కిడ్నీ పని సగం కన్నా తగ్గినవాళ్ళలో సగం పోయే సమయం దాదాపు 27 గంటలకు సాగుతుంది. అయిదుసార్లంటే అయిదున్నర రోజులు దాటుతుంది. ఇంకా తగ్గితే వారం పడుతుంది. పన్నెండేళ్ళ షుగరు అన్నారు, కిడ్నీ పని ఎలా ఉందో చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించి ఎన్నాళ్ళైంది? చాలామంది షుగరు పరీక్ష నెలనెలా చేయిస్తారు గానీ దీన్ని మర్చిపోతారు. యాంటీబయాటిక్ రాసే ముందు డాక్టరు చూడాలనుకునే అంకె అదే. అది ఎక్కువుంటే డోసు తగ్గిస్తారు, లేదా రోజు విడిచి రోజు ఇస్తారు. ఏమైనా మీ వారికి తొమ్మిది రోజులు గడిచాయి కాబట్టి, కిడ్నీ కాస్త నెమ్మదిగా ఉన్నా ఈ మందు ఇప్పటికి పోయినట్టే.

అజిత్రోమైసిన్ దారి వేరు. అది నెత్తుట్లో తక్కువసేపు ఉండి కండలోకి, ఊపిరితిత్తుల్లోకి, తెల్ల కణాల్లోకి వెళ్ళి కూర్చుంటుంది. అక్కడినుంచి నెమ్మదిగా దిగుతుంది. సగం పోవడానికి 68 గంటలు, అంటే దాదాపు మూడు రోజులు. అయిదు సగాలంటే పద్నాలుగు రోజులు. మూడు రోజుల కోర్సే కదా అని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు, కానీ మాత్రలు ఆపిన తర్వాత కూడా రోజుల తరబడి అది పనిచేస్తూనే ఉంటుంది. అందుకే మూడు రోజులతో సరిపెట్టగలుగుతారు. మీ వారు ఆఖరిది వేసుకుని నా లెక్కన పదిహేడు రోజులైంది. అదీ పోయినట్టే.

ఇక్కడ ఒక చిన్న మాట. ఒక రోజు ఆగి రెండో డాక్టరు దగ్గరికి వెళ్ళామన్నారు. అప్పటికి అజిత్రోమైసిన్ ఆయన ఒంట్లో చాలావరకు ఉంది. ఈ రెండు మందులూ గుండె కొట్టుకునే లయను కాస్త కదిలించే రకాలు. గుండె జబ్బున్నవాళ్ళకి రెండూ ఒకదాని మీద ఒకటి పడటం మంచిది కాదు. ముందు వాడిన మందు పేరు ఆయనకి చెప్పారా? ‘అయిపోయిందిగా, చెప్పడమెందుకు’ అనుకునేవాళ్ళను నేను రోజూ చూసేవాణ్ణి. ఆర్ఎంపీ దగ్గరికి వెళ్ళామంటే పెద్ద డాక్టరు కోప్పడతారని దాచేవాళ్ళు కూడా ఉంటారు. కోప్పడితే పడనివ్వండి, పేరు మాత్రం చెప్పండి.

బార్లీ నీళ్ళ సంగతి. అజిత్రోమైసిన్ ఎక్కువగా పైత్యరసంతో కలిసి మలంలో పోతుంది, మూత్రంలో పోయేది చాలా తక్కువ. కాబట్టి బిందెడు బార్లీ తాగించినా అది ముందుగా దిగదు. లీవోఫ్లాక్సాసిన్ మూత్రంలో పోయేదే గానీ దాన్ని తోసేది కిడ్నీ, నీళ్ళు కాదు. దాహానికి తగ్గ నీళ్ళు తాగితే చాలు. బార్లీ ఇష్టమైతే తాగమనండి, ఎండలకి మంచిదే. కడుగుతుందని మాత్రం తాగక్కర్లేదు, పైగా ఇప్పుడు కడగడానికి లోపల ఏమీ లేదు.

మీ ఆడపడుచు గారిని పూర్తిగా కొట్టిపారేయకండి. మూడు నెలలు దాటి ఉండే యాంటీబయాటిక్ నిజంగానే ఒకటుంది. మొండి టీబీకి ఇచ్చే బెడాక్విలిన్‌కి సగం పోవడానికే దాదాపు అయిదున్నర నెలలు పడుతుంది. కీళ్ళవాతపు జ్వరం వచ్చి గుండె కవాటాలు దెబ్బతిన్న పిల్లలకి మూడు నాలుగు వారాలకోసారి పిరుదుకి వేసే పెనిసిలిన్ సూది కూడా ఉంది. అది కావాలనే కండలో గడ్డకట్టి కొద్దికొద్దిగా కరిగేలా చేసింది. మళ్ళీ అదే పెనిసిలిన్‌ని మామూలుగా ఎక్కిస్తే నిలబడదు. 1941లో ఆక్స్‌ఫర్డ్‌లో ఆల్బర్ట్ అలెగ్జాండర్ అనే పోలీసాయనకి ఇస్తూ, మందు చాలక, ఆయన మూత్రం పట్టి అందులోంచి మందు తీసి మళ్ళీ ఆయనకే ఎక్కించారు. అంత త్వరగా, అంత చెక్కుచెదరకుండా బయటికి వచ్చేసేది. ఆయన తేరుకుంటుండగా మందు నిండుకుంది, మనిషి దక్కలేదు. పిల్లలకి గొంతునొప్పికి ఇచ్చే అమాక్సిసిలిన్ ఆ కుటుంబానిదే. సగం పోవడానికి గంట, గంటన్నర, అంతే. ఏడెనిమిది గంటలకి ఖాళీ. అందుకే దాన్ని రోజుకు రెండు మూడు సార్లు వేయమంటారు. పొద్దున డోసు మర్చిపోయి రాత్రి రెండూ కలిపి వేస్తే సరిపోతుందనుకునే తల్లులకు ఈ లెక్కే చెప్పేవాణ్ణి.

మన్యం వైపు స్క్రబ్ టైఫస్ జ్వరం వస్తే ఇచ్చే డాక్సీసైక్లిన్ మధ్యస్థం, సగానికి పద్దెనిమిది గంటల చొప్పున నాలుగు రోజులు పడుతుంది. అది టెట్రాసైక్లిన్ కుటుంబం. ఆ కుటుంబంలో మొదటి మందు ఆరియోమైసిన్ 1948లో బయటికొచ్చినప్పుడు ఆ ప్రయోగశాలలో పరిశోధనలు నడిపించింది భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారే. ఇది మీరడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను. విరేచనాలకిచ్చే మెట్రోనిడజోల్ రెండు రోజుల్లో పోతుంది. మద్యం తాగే అలవాటున్నవాళ్ళు ఆఖరి మాత్ర తర్వాత మూడు రోజులు ఆగాలి, లేకపోతే వాంతులు, గుండెదడ పట్టుకోవచ్చు.

మరి మందు పోయాక ఈ చేదు, నీరసం, విరేచనాలు ఎందుకు అని మీకు సందేహం రావాలి. మందు పోయినా అది చేసి వెళ్ళిన పని కొన్నాళ్ళు మిగులుతుంది. మన పేగుల్లో కోట్ల కొద్దీ మంచి సూక్ష్మజీవులుంటాయి. యాంటీబయాటిక్‌కి మంచీ చెడూ తెలియదు, ఊపిరితిత్తుల్లో ఉన్నవాటిని కొట్టడానికి పంపితే దారిలో పేగుల్లో ఉన్నవాటినీ కొడుతుంది. మీ వారి పేగులు వరసగా రెండు రకాల దెబ్బలు తిన్నాయి. అవి మళ్ళీ పెరిగి కుదురుకోవడానికి వారాలు పడుతుంది, కొందరికి నెలలు. మన పెద్దవాళ్ళు వేడి చేసింది అనేది దీన్నే. నోట్లో పుండు, కడుపులో మంట, విరేచనం అన్నిటికీ కలిపి ఒక మాట పెట్టుకున్నారు. మాట తప్పేం కాదు. మందు లోపలే కూర్చుని కాలుస్తోంది అనుకోవడమే తప్పు.

తిండి సంగతికొస్తే పెరుగు మానక్కర్లేదు. మజ్జిగన్నం, చోడి అంబలి, కంది కట్టు, ఇంట్లో తినేవే తేలిగ్గా పెట్టండి. షుగరుంది కాబట్టి నీరసమని గ్లూకోజు పొడి కలిపివ్వొద్దు. ముందు వేలు పొడిచి షుగరు చూడండి. షుగరు మాత్రలు వేసుకునేవాళ్ళలో లీవోఫ్లాక్సాసిన్ షుగరును ఒక్కసారిగా దించగలదు, స్టెరాయిడ్ ఎక్కించగలదు. ఈ రెండింటి మధ్య ఆయన అంకెలు అటూ ఇటూ ఊగి ఉంటాయి. ఇప్పటికి సర్దుకోవాలి, సర్దుకోకపోతే నీరసానికి కారణం అదే కావచ్చు. నాలుక మీద తెల్లగా పొర కట్టిందేమో టార్చి వేసి చూడండి. షుగరు, స్టెరాయిడ్, యాంటీబయాటిక్ మూడూ కలిస్తే నోట్లో బూజులాంటిది పడుతుంది. అది డాక్టరు చిన్న మందుతో తగ్గించేదే.

రోజుకు రెండు మూడు సార్లంటే మెల్లగా తగ్గవచ్చు. నీళ్ళలా అయి సార్లు పెరిగినా, జ్వరం వచ్చినా, కడుపు పిండేసినా, నెత్తురు కనిపించినా ఆగొద్దు. యాంటీబయాటిక్ వాడిన తర్వాత రెండు మూడు నెలల వరకూ ఒక రకం చెడ్డ విరేచనాలు పట్టుకోవచ్చు, దానికి పరీక్ష, చికిత్స వేరు. అలాంటప్పుడు విరేచనాలు కట్టేసే మాత్ర సొంతంగా వేస్తే మేలు కన్నా కీడే ఎక్కువ.

అన్నిటికన్నా నాకు భయం దేనికంటే, విరేచనాలని షాపుకెళితే మన ఊళ్ళో, మన ఊళ్ళోనే కాదు ఎక్కడైనా, చేతిలో పెట్టేది ఆఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ కలిపిన మాత్ర. చీటీ అడగరు. ఆ ఆఫ్లాక్సాసిన్ ఈ లీవోఫ్లాక్సాసిన్‌కి తోబుట్టువు. మడమ లాగుతున్న మనిషికి మళ్ళీ అదే మందు వేసినట్టవుతుంది. సిప్రోఫ్లాక్సాసిన్, నార్‌ఫ్లాక్సాసిన్, మాక్సీఫ్లాక్సాసిన్, పేరు చివర ‘ఫ్లాక్సాసిన్’ అని ఉన్నదేదైనా సరే. ఆయన ఫైలు అట్ట మీద పెద్ద అక్షరాలతో ‘ఫ్లాక్సాసిన్ మందులతో మడమ నొప్పి వచ్చింది’ అని రాసి, ఎముకల డాక్టరు అదే అని నిర్ధారిస్తే కింద ఆయన చేత తేదీ వేయించండి. పదేళ్ళ తర్వాత ఇంకెవరో డాక్టరు ఏ అర్ధరాత్రో చూసినా కనబడుతుంది.

దగ్గు ఇంకా ఉందన్న మాట కూడా నాకు నచ్చలేదు. మీ లెక్కన మూడు వారాలు దాటింది. రెండు వారాలు మించిన దగ్గుకి కళ్ళె పరీక్ష చేయించాలి, షుగరున్నవాళ్ళు తప్పక చేయించాలి. లీవోఫ్లాక్సాసిన్ మొండి టీబీకి కూడా వాడే మందు. వారం రోజులు వేసుకుంటే, లోపల టీబీ ఉన్నా తాత్కాలికంగా అణిగి, తగ్గినట్టే కనిపించి, పరీక్షకు దొరక్కుండా పోవచ్చు. ఉందని నేననట్లేదు. వైరస్ దగ్గు కూడా మూడు వారాలు లాగుతుంది. కేజీహెచ్‌లోనో ఛాతీ ఆసుపత్రిలోనో కళ్ళె పరీక్ష ఉచితం, మడమ చూపించడానికి వెళ్ళిన రోజే ఇదీ చూసుకోండి. అక్కడ కూడా వాడిన మందు పేరు, ఆపిన తేదీ చెప్పండి. పరీక్షలకి ఒంట్లో మందు ఉందా పోయిందా అన్నది నిజంగా పట్టింపే. కడుపులో పుండు చేసే క్రిమికి ఊదే పరీక్ష చేయాలంటే యాంటీబయాటిక్ ఆపి నాలుగు వారాలు కావాలంటారు. మూత్రం కల్చర్‌కి మందు మొదలెట్టక ముందే పట్టి ఇవ్వాలి. మందు మూత్రంలో ఉండగా పడితే క్రిమి పెరగదు, రిపోర్టు శుభ్రంగా వస్తుంది, జబ్బు మాత్రం అలాగే ఉంటుంది.

మిగిలిన మూడు మాత్రలు దాచొద్దు. మన ఇళ్ళల్లో ఫ్రిజ్ మీద ఒక బిస్కెట్ డబ్బా ఉంటుంది, అందులో సగం వాడిన స్ట్రిప్పులు, ఎవరివో ఎప్పటివో తెలియని గోళీలు. మా ఇంట్లోనూ ఉండేది, మందుల షాపు వాడి ఇల్లయినా. స్ట్రిప్పు వెనక నిలువుగా ఎర్ర గీత ఉంటుంది చూడండి, డాక్టరు చీటీ లేకుండా వాడకూడదని దాని అర్థం. మీ మాత్ర అంతకన్నా కట్టుదిట్టమైన హెచ్-1 జాబితాలోది. 2014 నుంచి షాపువాళ్ళు అమ్మిన ప్రతిసారీ రిజిస్టరులో రోగి పేరు, డాక్టరు పేరు రాసి మూడేళ్ళు దాచాలి. అది ఎంతమంది రాస్తున్నారో వదిలేయండి. మీకు ఏడే రాస్తే పది ఎందుకిచ్చారో, స్ట్రిప్పు కత్తిరించడానికి బద్ధకమయి ఉంటుంది. కొన్న షాపులో తీసుకుంటే తిరిగిచ్చేయండి. తీసుకోకపోతే మాత్రలు స్ట్రిప్పులోంచి తీసి, వాడేసిన టీ పొడిలో కలిపి, కవరు మూతి కట్టి చెత్త బండిలో వేయండి. మరుగుదొడ్డిలో మాత్రం వేయొద్దు. ఇందాక చెప్పాను కదా, ఈ మందు మూత్రంలో కూడా చెక్కుచెదరకుండానే పోతుంది. మన ఒంట్లోంచి పోయింది అంటే కాలవలోకి, గెడ్డలోకి, అక్కడినుంచి సముద్రంలోకి బయల్దేరింది అనే. దానికి ఇంకో మూడు మాత్రలు మనం తోడు పంపక్కర్లేదు.

రొయ్యల చెరువులున్న బంధువులెవరైనా ఉంటే అడగండి, ఈ లెక్క వాళ్ళకి మనకన్నా బాగా తెలుసు. క్లోరాంఫెనికాల్ లాంటివి చెరువులో వేయడమే నిషేధం. ఎగుమతికి పోయే కంటైనరులో దాని జాడ రవ్వంత దొరికినా సరుకు వెనక్కొస్తుంది. రొయ్య ఒంట్లో మందు పోయిందా లేదా అని అంత పట్టుగా చూస్తారు. మనిషి ఆరోగ్యం దగ్గరికొచ్చేసరికి ఆడపడుచు గారిని, ఫోన్ని అడిగి ఊరుకుంటున్నాం.

ఇక మొక్కు. మందు పోయాక నడిస్తే మంచిదా అన్నారు. మందు ఎప్పుడో పోయింది, నడవకూడదన్నది మడమ కోసం. గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు. కొండ కింద తొలి పావంచా (మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి మొదలెడితే అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక, అప్పుఘర్, వెంకోజీపాలెం, మాధవధార, ఎన్ఏడీ, గోపాలపట్నం తిరిగి మళ్ళీ కొండ కిందికి రావాలి. అందులోనూ చాలామంది ఒట్టి కాళ్ళతో నడుస్తారు, తడి రోడ్డు, రాత్రంతా. ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళ పిక్కలే మర్నాటికి రాళ్ళవుతాయి. వాచిన నరంతో ఆయన్ని ఈ ఏడు పంపొద్దు. పన్నెండు రోజుల్లో నొప్పి తగ్గినా పంపొద్దు. నొప్పి త్వరగానే తగ్గినట్టుంటుంది, తాడు గట్టిపడటానికి వారాలు, నెలలు పడుతుంది. మళ్ళీ ఎప్పుడు నడవాలో ఎముకల డాక్టరు చెప్పాలి.

మొక్కు వాయిదా వేస్తే అప్పన్న ఏమనుకుంటాడో అని ఆయనకి బెంగ ఉంటుంది, తెలుసు. ఆ రాత్రి దారి పొడుగునా జనం మజ్జిగ, పులిహోర, మంచినీళ్ళు పంచుతూ ఉంటారు. వెంకోజీపాలెం దగ్గరో గోపాలపట్నం దగ్గరో తెలిసినవాళ్ళ పందిరి ఉంటే, ఆయన్ని అక్కడ కుర్చీ వేసి కూర్చోబెట్టి గ్లాసులు అందించమనండి. ఓపికుంటే మీరు నడవండి, ఆయన చేతి మజ్జిగ తాగి ముందుకెళ్ళండి. కుర్చీలో కూర్చున్నా సరే, కాళ్ళకి చెప్పులు మాత్రం ఉంచుకోమనండి.